ఫోటో కింద కూర్చున్నామె

"అవ్వా, జర పక్కకు జరుగుతవా, సెల్ఫీ తీసుకోవాలె," అంది జీన్సు ప్యాంటు పిల్ల, చాందీ భుజం మీద వేలితో తట్టి. చాందీ కుర్చీతో సహా పక్కకు జరిగింది. ఆ పిల్ల గోడకు తగిలించిన నిలువెత్తు ఫోటో ముందు నిలబడి, పెదవి కిందికి విరిచి, మొహాన ఇంత జాలి పులుముకొని, ఫోను పైకెత్తి నొక్కుకొని పోయింది. ఆ ఫోటోలో ఇంకో ముసలామె మెడ పట్టుకొని, నోరు తెరిచి, చెంపల మీద నీళ్ళు కారుతుండగా ఏడుస్తున్నది చాందీ. కుర్చీలో కూర్చొని పక్కకు జరిగిందీ చాందీయే. అదే పేట్యా లంగా, అదే అద్దాలు కుట్టిన కాంచళి రవిక, మోచేతి పైదాకా అవే తెల్లగాజులు, నెత్తిమీద అదే ఎర్రటి టుక్రి ముసుగు. తేడా ఒక్కటే, ఇప్పుడామె ఏడవడం లేదు. ఏడవని చాందీ ఈ హాల్లో ఎవరికీ అక్కర్లేదు అనుకుంది పక్క కుర్చీలో ఉన్న శారద, పళ్ళు కొరుకుతూ. ఏడిస్తే గోడకెక్కిస్తారు, ఏడవకపోతే అడ్డం తప్పుకోమంటారు.

పొద్దున్నే మరిపెడ దగ్గరి తండాలో బయలుదేరి, తొర్రూరులో బస్సు మారి, టికెట్టు లేదు కదా అని ఊరి ఆడవాళ్ళంతా ఎక్కిన ఆ బస్సులో అత్తకు ఎలాగో ఒక సీటు సంపాదించి, తాను మాత్రం ఒంటికాలి మీద నిలబడి, శారద జనగామలో ఈ ఫోటోల పోటీ సభకు వచ్చింది ఫోటోలు చూడటానికి కాదు. మైకులో రెండు మాటలు చెప్పడానికి. ఆ రెండు మాటలూ అంట్లు తోముతూ, అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పంచుతూ, పడుకునేముందు దుప్పటి దులుపుతూ ఎన్నిసార్లు చెప్పుకుందో. ఈమె మా అత్త. ఈమెను నేను ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు. అంతే, ఇంకేమీ వద్దు, శాలువా వద్దు, ఆ గాజు పలక బహుమానం వద్దు. అందరి ఫోన్లూ వేదిక వైపు ఎత్తి ఉన్నప్పుడు చెప్పాలి, అబద్ధం ఏ దారిన పాకిందో నిజమూ ఆ దారినే పాకాలి. కానీ ముఖ్య అతిథిగారు ఇంకా రాలేదు. రఘునాథపల్లి దాటాడని ఒకరు, దాటలేదని ఇంకొకరు. కాబట్టి కూర్చోవాలి, ఈ ఫోటో కిందనే, ఫోటో కింద అట్టముక్క మీద ఇంతింత అక్షరాలతో రాసిన 'దిక్కులేని తల్లి' అనే మాట కిందనే కూర్చొని, వచ్చే పోయే వాళ్ళు చెప్పే పురాణాలన్నీ వినాలి. ఆ దిక్కులేని తల్లి పక్కన దిక్కు కూర్చొని ఉందని ఎవరికి తెలుసు.

కళ్ళజోడాయన ఒకరు వచ్చారు. ఫోటోకు దగ్గరగా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, తల ఓ పక్కకు వాల్చి, చాలాసేపు చూసి, "ఆకలి," అన్నారు. వెంట ఉన్నాయన "అవును సార్, ఆకలే," అన్నాడు. ఏ మూల కనిపించింది నాయనా నీకు ఆకలి, ఆ పొద్దు జొన్నరొట్టె, కోడికూర తిని బస్సెక్కిన మనిషి ఆమె, ఇంకో రొట్టె పెట్టనా అంటే అరగదు వద్దంది, అని శారద నాలుక కొసదాకా వచ్చింది. వాళ్ళు పోయారో లేదో ఇద్దరు కాలేజీ పిల్లలు, పాపం మొగుడు చచ్చిపోయుంటడే అని ఒకతి, అవునే బొట్టు చూడు లేదు అని ఇంకొకతి. బొట్టు మీద టుక్రి నీడ పడింది తల్లీ, మామ మాన్‌సింగ్ నిక్షేపంగా ఉన్నాడు, ఈ పొద్దు మిరప చేనుకు నీళ్ళు కట్టడానికి పోయాడు, పోతూ పోతూ చుట్ట వెలిగించుకోవడానికి నా పొయ్యిలో నిప్పు కూడా ఎత్తుకుపోయాడు. వీళ్ళందరినీ కడుపులో పెట్టుకోవచ్చు. పెట్టుకోలేనిది పట్టుచీర పెద్దావిడ మాట. ఆమె ఫోటోను సరిగ్గా చూడను కూడా లేదు, కింద పేరు చదివి, "కోడండ్లు గిట్లనే తయారైన్రు ఈ కాలంల," అని నిట్టూర్చింది. ఆమె వెనకాల చంకలో బిడ్డతో, చేతిలో ఆమె సంచితో నిలబడ్డ పిల్ల నేల వైపు చూస్తూ ఉండిపోయింది. ఫోటో మానుకోటది, కోపం ఆమె ఇంటిది. నీ ఇంటి లొల్లి నా అత్త మొహం మీద ఎందుకమ్మా ఆరేసుకుంటావు అని అడగాలనిపించింది శారదకు, అడగలేదు, మైకు దాకా నోరు దాచుకోవాలి.

మానుకోట బస్టాండు. మహబూబాబాదని బోర్డు మీద ఉంటుంది, నోట్లో మాత్రం మానుకోటే. బయ్యారం దగ్గర తండాలో మేనకోడలి పెండ్లి, ఇటు నుంచి చాందీ, శారద పోయారు, అటు భూపాలపల్లి నుంచి నర్సంపేట మీదుగా సుక్కి వచ్చింది. సుక్కి చాందీ చెల్లెలు. ఇద్దరూ ఒకే కడుపున పుట్టినవాళ్ళు, ఇద్దరికీ మధ్య ఇన్ని ఊళ్ళు, చావుకో పెండ్లికో తప్ప కలవరు. అట్లా కలిసినప్పుడు తండా ఆడవాళ్ళు నమస్తే అనరు, బాగున్నవా అనరు. మెడలు పట్టుకొని, రాగం తీసి ఏడుస్తారు. అది పలకరింపు. ఆ రాగంలోనే పోయినవాళ్ళను తలుచుకుంటారు, ఉన్నవాళ్ళ కష్టం సుఖం అడుగుతారు, ఎందుకే ఇన్నాళ్ళు రాలేదని దెప్పుతారు. ఏడవకుండా పలకరిస్తే మర్యాద తప్పినట్టు, మనసులో ఏదో పెట్టుకున్నట్టు. అదంతా అయ్యాక టుక్రి కొసతో మొహం తుడుచుకొని, బర్రె ఈనిందా అని అడిగి నవ్వుతారు. శారద బజ్జీలు తీసుకొని వచ్చేసరికి అక్కచెల్లెళ్ళు ఆ నవ్వు దగ్గరికే వచ్చారు. మిరపకాయ బజ్జీ ఘాటుకు సుక్కి ముక్కు చీదింది, అది కూడా ఏడుపేననుకొని ఎవడన్నా ఫోటో తీశాడేమో. తీసే ఉంటాడు. బజ్జీలు తినే ఫోటో ఒకటి ఉంటే ఎంత బాగుండు, దాన్నెవరూ గోడకు పెట్టరు, బజ్జీలు తినే ముసలోళ్ళకు బహుమతులు రావు.

తీసినవాడు నరేందర్, జనగామ వాడే, పెండ్లిళ్ళకు ఫోటోలు తీస్తాడు, ఖాళీ దొరికితే మెడలో కెమెరా వేసుకొని బస్టాండ్లు, సంతలు పట్టుకొని తిరుగుతాడు. మంచివాడే, తిట్టడానికి కూడా వీలు కానంత మంచివాడు. ఎట్లనో నంబరు పట్టుకొని, ఈ సభకు రమ్మని అతను ఫోను చేసినప్పుడు శారద కడుపులో ఉన్నదంతా కక్కితే, పాపం అన్నీ విన్నాడు. "నేనైతే మానుకోట బస్టాండ్ అని ఒక్క ముక్కనే రాసిన అక్కా. షేర్ చేసినోళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు రాసుకున్నరు," అన్నాడు. మరి ఈ 'దిక్కులేని తల్లి' ఎవరు రాశారయ్యా అంటే, "పోటీకి పంపాల్నంటే పేరు ఉండాలె గదక్కా," అని నసిగాడు. ఉండాలె గదా అని మా మామకు బతికుండగానే కర్మ చేసినట్టుంది నీ పని. షేర్ చేసినోళ్ళలో ఎవడో, ఏ చెట్టు కింద కూర్చొని రాశాడో, 'కోడలు గెంటేస్తే బస్టాండే దిక్కైన కన్నతల్లి' అని రాశాడు. కోడలికి కన్నతల్లి ఎట్లవుతుందో ఆ రాసినవాడికే తెలియాలి. ఒకడు రాశాడు, వెయ్యిమంది చేతులు జోడించే బొమ్మలు పెట్టారు, ఏడుపు బొమ్మలు పెట్టారు, ఆ కోడలిని నడిబజార్లో నిలబెట్టాలని రాశారు. నడిబజారు దాకా ఎందుకు, అది తిరిగి తిరిగి మరిపెడకు వచ్చింది, తండాకు వచ్చింది, అంగన్‌వాడీ గడప దాకా వచ్చింది.

తండాలో అందరికీ తెలుసు అది పలకరింపు ఏడుపని, వాళ్ళ అమ్మలు ఏడ్చారు, వాళ్ళూ ఏడుస్తారు. అయినా ఫోనులో అక్షరాలతో వచ్చేసరికి తెలిసినవాళ్ళకే అనుమానం పుట్టింది, అదీ శారద తల బద్దలయ్యే సంగతి. కండ్లముందు చాందీ వాకిలి ఊడుస్తూ కనిపిస్తున్నా, వట్టిగనే రాస్తరా ఏంది అన్నారు. బాలామృతం పొట్లాలు తీసుకోవడానికి వచ్చిన తల్లులు, టీచరమ్మా బాగున్నవా అని అదోలా అడగడం, మీ అత్త ఇంట్లనే ఉన్నదా అని ఒకామె, ఏం తప్పు లేనట్టు, వానలు పడ్డాయా అని అడిగినట్టు. నిప్పు లేంది పొగ రాదని పక్కింటి చిలుకమ్మ అన్నదట, ఆ చిలుకమ్మ పొయ్యికి నిప్పు మా ఇంటినుంచే పోతుంది. మొగుడు వెంకట్ నవ్వేశాడు. ఫోటోనే గదనే, రెండు దినాలైతే ఇంకోటి వస్తది అన్నాడు, ఎందుకంటే దాంట్లో కొడుకు ఊసే లేదు, గెంటింది కోడలే, కొడుకు ఆ సమయానికి ఆకాశంలో ఉన్నాడు కాబోలు. ఇవన్నీ ఒక ఎత్తు. తరిగొప్పుల నుంచి తమ్ముడు ప్రతాప్ ఫోను చేసి, గొంతు తగ్గించి, "అక్కా, నిజమేనా?" అన్నది ఒక ఎత్తు. ఒకే కంచంలో తిన్నవాడు. ఆ రాత్రి శారద ఏడ్చింది, రాగం లేకుండా, దిండులో. ఆ ఏడుపును ఎవరూ ఫోటో తీయలేదు.

నరేందర్ దూరం నుంచి చెయ్యెత్తి, వస్తున్నాడు అక్కా, ఇగ వచ్చినట్టే, అని సైగ చేశాడు. ఎవరో కాగితపు కప్పుల్లో చాయ్ తెచ్చారు. శారద తీసుకొని అత్తకు అందిస్తే, చాందీ చెయ్యి కప్పుకు ఇవతలే గాలిలో మూసుకుంది, చాయ్ కాస్తా శారద కొత్త చీర మీద ఒలికింది. "చూస్కోవా యాడీ," అంది శారద విసుగ్గా. అత్తను యాడీ అనే పిలుస్తుంది, తండా మాటలో అమ్మ అని. "చెయ్యి వణికింది బిడ్డా," అంది చాందీ. వణుకుతుంది, ఎందుకు వణకదు, మైకు ముందుకు పోయేముందు చీర మీద ఇంత మరక, ఇక ఈ మరకను చూసి ఎవరేం రాస్తారో, మురికి కోడలు అంటారేమో. ఈమె తీరు కూడా ఈ మధ్య ఏమీ బాగాలేదు. కూరలో ఒకసారి ఉప్పు లేదు, ఇంకోసారి నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. ఎంతో ఇష్టంగా కుట్టుకునే అద్దాల పని మూలకు పడేసింది, అడిగితే ఎవరు తొడుగుతరు గివన్నీ అంటుంది. ఎదురుగా తండాలోని భోజ్యా మామ వస్తే పలకరించకుండా పక్కనుంచి పోయిందట, ఆయన ఊరంతా చెప్పుకున్నాడు, ఫోటోల పడ్డంక చాందీకి కండ్లు నెత్తికెక్కినయి అని. అదీ శారద నెత్తికే చుట్టుకుంది, కోడలే ఎవరితో మాట్లాడొద్దన్నదేమో అని. ఇంకా ఒళ్ళు మండే సంగతి, ఫోటో మొదటిసారి ఫోనులో వచ్చిన రోజు శారద చూడు యాడీ ఏం రాసిన్రో చూడు అని ఇస్తే, ఈమె దాన్ని దగ్గరగా పట్టుకొని, దూరంగా పట్టుకొని, కళ్ళు చికిలించి, "బాగనే ఉన్నది," అని తిరిగి ఇచ్చేసింది. బాగనే ఉందట. కోడలి పరువు కాలువలో కొట్టుకుపోతుంటే ఈమెకు తన బొమ్మ బాగుంది. ఇప్పుడు కూడా చూడు, ఫోటో వైపు మొహం పెట్టి ఎంత నిమ్మళంగా కూర్చుందో, పెండ్లిచూపులకు వచ్చినట్టు.

ఎదుటి గోడ మీద ఇంకో ఫోటో ఉంది. ఎండలో ఏదో బస్టాపు అరుగు, దాని మీద ఒక మనిషి నోరు తెరుచుకొని పడి ఉన్నాడు, చెప్పు ఒకటి కాలికి, ఒకటి నేల మీద, తలకింద టిఫిను డబ్బా, చొక్కా నిండా మసి. కింద 'విశ్రాంతి, భూపాలపల్లి' అని రాసి ఉంది. విశ్రాంతి అట, పొద్దుగాల్నే ఇంత పోసుకొని పడ్డాడు, ఇంటికాడ పెండ్లాం ఏం వండుకుంటుందో ఏమో, అని శారద గొణిగింది. గొణిగింది అనుకుంది గాని బయటికే అన్నట్టుంది, ఎందుకంటే అవతలి కుర్చీలో ఉన్నామె తల తిప్పి, "మా ఆయననే అక్కా," అంది. కోపంగా కాదు, పేరు అడిగితే చెప్పినట్టు. కళావతి అట ఆమె. "బొగ్గుబాయిల రాత్రి షిఫ్టు దిగి వస్తుండు. బస్సు కోసం కూసొని గట్లనే ఒరిగిండు. మందు జోలికి పోడు, అదొక్కటి లేదు ఆయనకు. ఇయ్యాల్ల ఆయన రానన్నడు, సిగ్గు. నేనే వచ్చిన." శారదకు ఎక్కడ చూడాలో తెలియలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఊరందరినీ తిట్టుకుంటూ వచ్చిన తానే, అరుగు మీద పడుకున్న మనిషికి సీసా చేతిలో పెట్టింది. తప్పైంది చెల్లే అనబోయి, చీర మీది మరక రుద్దుకుంది. ఆ తర్వాత, ఎంత వద్దనుకున్నా, ఏమో, అయినా నోరు అట్లా తెరుచుకొని పడుకుంటే ఎవరికైనా అట్లనే అనిపిస్తుంది, చెప్పన్నా సరిగ్గా పెట్టుకోవద్దా, అని లోపల ఒక గొంతు సణిగింది. ఆ గొంతు విని శారదకు తన మీదనే చిర్రెత్తింది. ఆ వెయ్యిమంది లోపల కూడా ఇదే గొంతు ఉండి ఉంటుంది.

ఈలోగా ఒక మాస్టారు, వెంట పిల్లల మందతో దిగాడు. కర్ర ఒకటి దొరికితే చాలు, ఫోటోను పాఠం చేసే మనిషి. చూడండి, ఆ వేళ్ళు చూడండి, మునిగిపోయేవాళ్ళు గడ్డిపోచను పట్టుకున్నట్టు ఎట్లా పట్టుకుందో అన్నాడు. పట్టుకోదా మరి, చెల్లెలిని. ఇప్పుడు ఇటు చూడండి అని కర్ర లేని చేతిని ఫోటో అంచుకు తీసుకుపోయాడు. "ఇక్కడ ఒకామె ఉంది, కనబడుతుందా? నీలం చీర. ఇంత దుఃఖం జరుగుతుంటే ఆమె చూడండి, అటు తిరిగి నిలబడింది. ఇదీ లోకం. ఈ ఫోటోకు ప్రాణం ఈమెనే." పిల్లలంతా మెడలు సాచి నీలం చీరను అసహ్యంగా చూశారు. శారద కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆ నీలం చీర నాదే సారూ. నేనే ఆ లోకాన్ని. బజ్జీల బండి అటు వైపు ఉంది కాబట్టి అటు తిరిగాను, వాళ్ళిద్దరూ పొద్దుటినుంచి ప్రయాణం చేసి ఉన్నారు కాబట్టి బజ్జీలు కొంటున్నాను, వాళ్ళ ఏడుపు వాళ్ళది కాబట్టి మధ్యలో నిలబడకుండా పక్కకు పోయాను, అది కూడా మా మర్యాదే. ఎన్ని సంజాయిషీలని చెప్తుంది మనిషి. రెండు మాటలు సరిపోవు, మైకులో చాలా చెప్పాలి, ఏడుపు ఎందుకు ఏడుస్తారో చెప్పాలి, అందులో ఏమంటారో కూడా చెప్పాలి, అప్పుడు గాని ఈ మాస్టార్లకు తలకెక్కదు. మా అత్త ఆ రోజు పాడిన మాటలు ఇవీ అని ఒక్కొక్కటీ తెలుగు చేసి చెప్తే నోరు మూతపడుతుంది. ఆ మాటలేమిటో మాత్రం శారద విననే లేదు. ఆ రోజు బజ్జీల బండి దగ్గర నూనె సలసలలాడుతోంది. అయినా కొత్తగా ఏముంటాయి, అమ్మ పోయింది, నాయిన పోయిండు, అన్న పోయిండు, ఎప్పుడూ ఉండేవే. అయినా ఒకసారి అడగడం మంచిది.

"యాడీ," అంది అత్త చెవి దగ్గరికి వంగి, తండా మాటలో. "ఆ దినం బస్టాండుల సుక్కి చిన్నమ్మను పట్టుకొని ఏమేం అనుకుంట ఏడ్సినవు? మైకుల చెప్తా."

చాందీ చేతిలో ఖాళీ కప్పును ఒత్తుతూ కూర్చుంది. తర్వాత, అడిగింది కాబట్టి చెప్తున్నట్టు, రాగం లేకుండా మామూలు గొంతుతో చెప్పింది. "నీ గొంతు వినొస్తుందే సుక్కీ, నీ మొకం ఏదే అన్న. చిన్నప్పుడు నీ మొకం కడిగిన చేతులే ఇయ్యి, చేతులతోని తడిమితే తెలుస్తున్నది గని కండ్లతోని దొరుకుతలేవే అన్న. గదే అన్న, మళ్ళ మళ్ళ."

శారదకు మొదట అర్థం కాలేదు. అది పాటలో మాట అనుకుంది, ఏడుపులో అట్లా ఎన్నో అంటారు. తర్వాత బస్టాండు కళ్ళముందుకు వచ్చింది. అగో సుక్కి చిన్నమ్మ అని తాను వేలెత్తి చూపితే, ఎక్కడా ఎక్కడా అన్నట్టు ఈమె తల అటూ ఇటూ తిప్పడం, అక్కా అని సుక్కి పిలిచేదాకా అడుగు వేయకపోవడం, మురిపెంతో కాళ్ళు ఆడటం లేదనుకొని తాను నవ్వుకోవడం. గాలిలో మూసుకున్న చెయ్యి. ఉప్పు. మూలకు పడ్డ అద్దాలు. పక్కనుంచి పోయిన భోజ్యా మామ. ఫోనును దగ్గరగా, దూరంగా పట్టుకొని, బాగనే ఉన్నది అనడం. ఇవన్నీ తాను చూసినవే, ఒక్కొక్కదానికీ ఒక పేరు పెట్టుకుంటూ పోయింది, ఒకదానికి ముసలితనం, ఒకదానికి పొగరు, ఒకదానికి మురిపెం. పక్కనే పడుకొని, ఒకే పొయ్యి మీద వండుకుంటూ.

"ఎప్పటిసంది కనబడ్తలేదు యాడీ?"

"తీజ్ పండుగ కాడికెల్లి మసక. ఇప్పుడు ఎలుగు చీకటి తెలుస్తది, మనిషి అడ్డం వస్తే తెలుస్తది. మొకాలు తెల్వయి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పుదామనే అనుకున్న. గంతల గీ ఫోటో లొల్లి అయిపాయె. ముసల్దాని కండ్లు పోయినయంటే ఏమంటరు? కోడలు సూడక పోయినయంటరు. గది గూడ నీ మీదనే ఏస్తరు. నీ పేరు జర సల్లబడ్డంక చెప్పుదామని ఆగిన." అని చాందీ గొంతు ఇంకా తగ్గించింది. "బిడ్డా, పొద్దటిసంది అందరు ఏందేందో అంటున్నరు. ఆకలి అంటున్నరు, మొగడు సచ్చిండంటున్నరు. అండ్ల అసలు ఏమున్నదే? నాకు ఎవ్వరు చెప్పలే."

ఇన్ని ఊళ్ళు చూసిన ఫోటో. ముక్కూమొహం తెలియని వాళ్ళంతా చూసి కన్నీళ్ళు పెట్టుకున్న ఫోటో. దాన్ని చూడనిది ఈమె ఒక్కతే, ఈమెకు చూపు ఆనడం లేదని చూసుకోనిది తానొక్కతే. శారద లేచి నిలబడింది. ఎందుకో కూర్చొని చెప్పాలనిపించలేదు. మొదటిసారి, తిట్టుకోకుండా, కింద రాసిన అక్షరాల వైపు పోకుండా, ఫోటోను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వున్నవు యాడీ. సుక్కి చిన్నమ్మ మెడ సుట్టు చెయ్యేసినవు. చిన్నమ్మ మొకం సగమే కనబడుతది, నీ టుక్రి అడ్డమున్నది. నీ కుడి చెయ్యి ఆమె చెంప మీదున్నది. ఏళ్ళు విప్పి, తడిమినట్టు." అందాకా చెప్పి ఆగింది. ఆ వేళ్ళు అక్కడే ఉన్నాయి, నిలువెత్తున, అందరికీ కనబడేటట్టు, గుడ్డిగా మొహం వెతుక్కుంటూ. మాస్టారు గడ్డిపోచ అన్నాడు, తాను మర్యాద అంది. "ఎనక బస్సు ఉన్నది. బండి ఉన్నది, పొగ లేస్తున్నది. నేను గూడ ఉన్న."

"నువ్వు గూడ ఉన్నవా," అంది చాందీ, సంతోషంగా. "ఎట్లున్నవు?"

"అటు తిరిగి ఉన్న యాడీ. ఈపు కనబడుతున్నది."

"బజ్జీలకు పోయినవు గద," అంది చాందీ. "మంచిగ వేడివేడి తెచ్చినవు."

శారదకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇక్కడ ఏడవకూడదు, చచ్చినా ఏడవకూడదు, చుట్టూ ఇన్ని ఫోన్లు. అప్పుడే హాల్లో కుర్చీలు కదిలాయి, ముఖ్య అతిథిగారు వచ్చినట్టున్నారు, మైకు ఒకసారి గుర్రుమంది. మన గుండెలు పిండేసిన ఆ దిక్కులేని తల్లి ఈ రోజు మన మధ్యనే ఉంది, ఆమెను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం, అంది గొంతు. తలలన్నీ వెనక్కి తిరిగాయి, ఎక్కడ ఎక్కడ అని. నరేందర్ జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. "రాండ్రి అక్కా, మైకు మీకే ఇస్తరు, నేను చెప్పి పెట్టిన."

ఇన్నాళ్ళు నెమరేసిన రెండు మాటలూ నోట్లోనే ఉన్నాయి. ఈమె మా అత్త. ఈమెను నేను ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు. ఒక్కటి కూడా అబద్ధం కాదు. మెట్లెక్కి చెప్పేస్తే పేరు కడుక్కున్నట్టే, తమ్ముడు కూడా వింటాడు, చిలుకమ్మ కూడా వింటుంది. చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు, ఆ తర్వాత అతిథిగారు మాట్లాడతారు, ఆయన తర్వాత ఇంకొకరు. మేము బస్సు దిగి వస్తుంటే మూల మీద కండ్ల దవాఖాన బోర్డు ఉంది కదా.

"తమ్మీ, ఆ మూల మీది కండ్ల దవాఖాన ఎంతసేపటి దాక ఉంటది?"

"పగటీలి దాకనే చూస్తరక్కా, ఇగ మూసే యాళ్ళయితున్నది. ఎందుకు?"

శారద వంగి అత్త మణికట్టు పట్టుకొని లేపింది, గాజులు పైకి జరిగి గలగలమన్నాయి, వేదికకు వీపు చేసి గుమ్మం వైపు నడిచింది. అక్కా, అక్కా అని నరేందర్ వెంటపడ్డాడు. "ఆమెనే, ఫోటోల ఆమెనే," అని జీన్సు ప్యాంటు పిల్ల కేకేసింది. ఫోన్లు లేచాయి. ఏ ఫోనులో ఏం పడుతుందో శారదకు చూడకుండానే తెలుసు. నొసలు ముడిచిన ఒకామె, చీర మీద చాయ్ మరకతో, సన్మానం చేయబోయే ముసలితల్లిని చెయ్యి పట్టి బరబరా బయటికి లాక్కుపోతోంది. కింద ఏం రాస్తారో కూడా తెలుసు, తానైనా అదే రాసి ఉండేది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం కాలు ఆగింది, వెనక్కి తిరిగి ఆ రెండు మాటలూ అరిచి పోదామా అని. చాందీ రెండో చేత్తో గోడ తడుముకుంటోంది. రాసుకోనీ, అనుకుంది శారద.

"మెట్టున్నది యాడీ," అంది. "కాలు జర కిందికి పెట్టు."